అత్త కఫన్‌కు ఆఖరి చిలప

పత్తికాయ కడుపులో తెల్లదనాన్ని మడిచి దాచి, వేళ కాగానే విప్పి చూపేవాడికే సకల స్తుతులు. ప్రతి ప్రాణికీ ఊపిరి కొలిచి ఇచ్చి, ఆ కొలత ఎంతో ఎవరికీ చెప్పని అల్లాహ్‌కే స్తుతులు. ఆయన ప్రవక్తపై శాంతి కురియాలి. మనిషి ఆయువు ఆయన చేతిలో తప్ప ఇంకెక్కడా లేదని నమ్మేవాణ్ని నేను. ఆ నమ్మకంతోనే ఈ ప్రయాణానికి బయలుదేరాను. దారిలో అది ఎక్కడెక్కడ వణికిందో దాచకుండా చెబుతాను.

జనగామ

మేము దూదేకులవాళ్లం. మా నాయన భుజాన విల్లు తగిలించుకుని ఊరూరా తిరిగి దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. మా ఇళ్లలో మగవాళ్లు దూది ఏకితే ఆడవాళ్లు నూలు వడికేవారు. ఆ పని నాయన తరంతోనే ఆగిపోయింది. నేను చిన్నప్పుడే మదరసాకు పోయి, ఇప్పుడు జనగామలో ఒక మసీదు పక్క గదిలో పిల్లలకు అరబీ అక్షరాలు చెబుతున్నాను. సుద్దముక్క తప్ప ఇంకో పనిముట్టు పట్టిన చెయ్యి కాదు నాది.

మా ఆడవాళ్లలో ఒక ఆచారం ఉంది. పెళ్లైన ఏడాది నుంచే ప్రతి ఆడమనిషీ తన కఫన్‌కు, అంటే చనిపోయాక తనకు చుట్టే బట్టకు, కావలసిన నూలు తానే వడుక్కుంటుంది. ఏడాదికి కొంత చొప్పున చిలపలుగా, అంటే నూలు చుట్టలుగా, చుట్టి పెట్టెలో పెడుతుంది. ఆడవాళ్ల కఫన్‌కు ఐదు బట్టలు కావాలి కాబట్టి అది ఒక జీవితకాలం పని. కానీ ఆఖరి చిలపను మాత్రం సగంలో ఆపేస్తుంది. అది పూర్తయ్యాక ఆ మనిషి నలభై రోజులు దాటదని నమ్మకం. ముసలితనంలో ఆమె తానుగా అడిగినప్పుడు పుట్టింటివాళ్లు వచ్చి ఆ సగం పూర్తిచేయాలి. కడుపున పుట్టిన పిల్లలు దాన్ని ముట్టకూడదు.

మా మేనత్త ఖాసింబీ భూపాలపల్లిలో కొడుకు దగ్గర ఉంటుంది. కొడుకు పేరు యాకూబ్, బొగ్గుబావిలో పని. ఈ ప్రయాణానికి మూడు నెలల ముందు అత్తకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. తర్వాత ఒకరోజు యాకూబ్ ఫోన్ చేశాడు.

"బావా, అమ్మకు మాట సక్కగ వస్తలేదు గని ఒక్కటే అడుగుతాంది. ఆఖరి చిలప కానియ్యమంటాంది. పుట్టింటోల్లల్ల నువ్వొక్కనివే మిగిల్నవ్."

"నాకు రాట్నం తిప్పుడు రాదు యాకూబూ."

"నేర్సుకోని రా మరి. అరబీ నేర్సినోనివి, రాట్నం ఎంత."

నవ్వాడు కానీ ఆ నవ్వు చివరి దాకా రాలేదు.

నలభై రోజుల నమ్మకం ఒట్టి అజ్ఞానమని శుక్రవారం ప్రసంగాల్లో నేను చాలాసార్లు చెప్పాను. మా నానమ్మ పట్టుదలకు పోయి తన ఆఖరి చిలప తానే పూర్తిచేసుకుని తొమ్మిదో రోజున కన్నుమూసిందన్న సంగతి మాత్రం ఏ ప్రసంగంలోనూ చెప్పలేదు. అత్త కోరిక తీర్చడం బంధుత్వ ధర్మం, ఆ నమ్మకం తప్పని చూపించడం మత ధర్మం. రెండూ ఒకే ప్రయాణంలో తీరతాయనుకుని సంచి సర్దుకున్నాను.

పాలకుర్తి

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె కట్టి అన్నీ ఆగిపోయిన రోజులవి. బస్సులు డిపో దాటడం లేదు. ఆఫీసులు, బళ్లు, బొగ్గుబావులు అన్నీ బంద్. పదిహేను రూపాయలిచ్చే దారికి ఆటోవాడు నలభై అడిగాడు. అడిగి, "ఏం జేద్దుమన్నా, నాక్గూడ రాష్ట్రం గావాలె, డీజిల్ గూడ గావాలె," అన్నాడు. పద్నాలుగు మందిమి ఎక్కాం. రోడ్డు మీద మా ఆటో చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. పొలాల్లో పత్తి పగిలి తెల్లగా ఉంది కానీ, ఏరే మనిషి ఒక్కరు కూడా కనిపించలేదు. మైళ్ల కొద్దీ చేలు మా వైపే చూస్తున్నట్టుగా ఉన్నాయి.

రాట్నం నేర్చుకోవడానికి పాలకుర్తి దగ్గర ఒక పల్లెలో నర్సవ్వ అనే పద్మశాలి ముసలమ్మ దగ్గరికి ఎవరో పంపారు. ఎనభై దాటిన మనిషి. ఆ ఇంట్లో మగ్గం మీద సగం నేసిన బట్ట అలాగే ఉంది. కొడుకు దీక్షా శిబిరంలో కూర్చున్నాడట.

"మొగోనివి, గడ్డమున్నోనివి, నీకు రాట్నమెందుకయ్యా? పెండ్లాం తరిమిందా?" అంది.

"నేర్చుకోవాలి అవ్వా, పని పడింది."

ఆమె నన్ను రెండు రోజులు కూర్చోబెట్టి నేర్పింది. ఏకిన దూదిని వేలెడు లావున చుట్టితే దాన్ని ఏకు అంటారు. కుడిచేత్తో చక్రం తిప్పాలి, ఎడమచేత్తో ఏకును కదురు, అంటే నూలు చుట్టుకునే ఇనుప పుల్ల, ముందు పట్టుకుని మెల్లగా వెనక్కి లాగాలి. చక్రం నుంచి కదురుకు ఒక తాడు పోతుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి కదురు చాలాసార్లు తిరిగి దూదికి పురి పెడుతుంది. వింటే ఇంతే. కానీ నేను లాగిన పోగు ఒకచోట తాడులా, ఒకచోట సాలీడు దారంలా వచ్చి, మూరకోసారి తెగింది. తెగినప్పుడల్లా ముడి వేయబోతే నర్సవ్వ నా వేళ్ల మీద కొట్టింది.

"ముడెయ్యకు. రెండు కొసలు విప్పి, దూదిని దూదిల కలుపు. పురి వడితే అవ్వే పట్టుకుంటయ్. ముడేస్తే అది అతుకు, కలిపితే అది సుట్టరికం."

మధ్యాహ్నం సర్వపిండి రొట్టె, చల్ల పెట్టింది. మా ఇంట్లో సర్వపిండిలో వెల్లుల్లి దండిగా వేస్తాం. ఇక్కడ నువ్వులే నువ్వులు. రెండో రోజు సాయంత్రానికి పోగు గదిలో ఈ మూల నుంచి ఆ మూల దాకా తెగకుండా సాగింది. నాకు గర్వం వచ్చింది. ఆ గర్వంలోనే ఇది మా అత్త కఫన్ నూలు కోసమని చెప్పేశాను.

నర్సవ్వ చెయ్యి ఆగిపోయింది. రాట్నం ఎత్తి వాకిట్లో పెట్టించింది, నేను కూర్చున్న చోట పసుపునీళ్లు చల్లింది. నేల మీద రాలిన పోగు ముక్కలను చీపురుతో కాక చేత్తోనే ఒక్కొక్కటీ ఏరి నా సంచిలో వేసింది.

"నీ నూలు నువ్వు తీస్కపో బిడ్డా. ఒక్క పోగు గూడ మా ఇంట్ల ఉండొద్దు. తప్పు వట్టుకోకు."

"అవన్నీ మనసులో పెట్టుకోకండి అవ్వా. చావుబతుకులు దేవుడి చేతిలో ఉంటాయి."

"దేవుని చేతుల్నే ఉంటయ్. గా చేతికి పోగు అందియ్యొద్దని," అంది.

దానికి జవాబుగా చదువుకున్నది నా దగ్గర చాలా ఉంది. కానీ ఆమె అప్పటికే తలుపు దగ్గరికి వేసింది.

మానుకోట

మహబూబాబాద్‌ను మావాళ్లు మానుకోట అనే పిలుస్తారు. నేను చేరేసరికి పట్టణం మొత్తం రోడ్డు మీద వంట చేస్తోంది. వాహనాలు కదలకుండా నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే తినడం ఈ ఉద్యమంలో ఒక పద్ధతి. దాన్ని వంటావార్పు అంటారు. కనుచూపు మేర విస్తరాకులు పరిచి ఉన్నాయి. వందల మంది కూర్చున్నారు. ఇంతమంది ఉన్నా మాటలు లేవు.

ఆకలి మీద ఉన్నాను. వరుసలో ఒక విస్తరి ముందు ఖాళీ కనిపించి కూర్చోబోయాను. అన్నం, పప్పు, చింతకాయ తొక్కు అన్నీ వడ్డించి ఉన్నాయి. వడ్డిస్తున్న ఒకావిడ నా భుజం పట్టుకుంది.

"ఆడ కూసోకు మౌల్సాబ్. గా విస్తరి పోయినోల్లది."

అప్పుడు చూశాను. ప్రతి పదిమందికీ ఒక విస్తరి ముందు మనిషి లేడు. రాష్ట్రం కోసం తమ ప్రాణాలు తామే తీసుకున్న పిల్లల కోసమట. వడ్డించేవాళ్లు ఆ విస్తళ్ల దగ్గర కూడా ఆగి, "ఇంకింత పెట్టన్నా?" అని అడిగి, కాసేపు చూసి ముందుకు పోతున్నారు. మా మతంలో చనిపోయినవారికి అన్నం పెట్టం, వాళ్ల పేరిట బతికినవాళ్లకు పెడతాం. ఆ మాట అక్కడ అనాలనిపించలేదు. రెండు ఖాళీ విస్తళ్ల మధ్య నాకు చోటు దొరికింది. బిస్మిల్లా అని మొదలుపెట్టి, అటూ ఇటూ ఉన్న అన్నం చల్లారిపోతుంటే నా విస్తరి ఖాళీ చేసి లేచాను.

బయ్యారం

బయ్యారం నా దారిలో లేదు, మానుకోట దాటి ఇంకా తూర్పుకు పోవాలి. అక్కడ మదారమ్మ అని మాకు దూరపు చుట్టం ఉంది. కఫన్ నూలు సంగతులు తెలిసినవాళ్లలో అత్త కాక ఆమె ఒక్కతే బతికి ఉందని, కలిసి రమ్మని యాకూబ్ చెప్పాడు. చూపు పోయి చాలా ఏళ్లయింది.

బయ్యారంలో నేలంతా ఇనుపరాయి. దుమ్ము ఎర్రగా ఉంటుంది. ట్రాక్టరు వెనక నిలబడి వెళ్లినవాణ్ని దిగేసరికి నా తెల్ల లాల్చీ ఇటుక రంగుకు వచ్చింది. మదారమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. సలాం చెప్పి, పాలకుర్తిలో వడికి చుట్టిన నూలు కండె ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నలిపింది.

"ఎర్రగైందా?" అంది.

చూస్తే నిజంగానే నూలు ఎర్రబారి ఉంది. దుమ్ము సంచిలోకి దూరింది, అంతే. కళ్లు లేని మనిషికి ఆ సంగతి ఎలా తెలిసిందని నేను అడగలేదు. ఆ ఊళ్లో ఉండేవాళ్లకు అన్నీ ఎర్రబడతాయని తెలుసు గదా అని సర్దుకున్నాను.

"మంచిగనే వడికినవ్. గని ఇది బతికినోల్లు కట్టుకునే నూలు బిడ్డా. ఖాసింబికి గిది పనికిరాదు."

ఎందుకు పనికిరాదని ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. నేను అడగలేదు. పత్తి పత్తే పెద్దమ్మా, బతికినవాళ్లకు వేరు, పోయినవాళ్లకు వేరు అని అల్లాహ్ పండించలేదు, తెల్లగా శుభ్రంగా ఉంటే చాలు అని, మసీదులో చెప్పినట్టే చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"సదువుకున్నోనివి. నీకు ఎర్కలేకుంట ఉంటదా," అంది. నేను సెలవు తీసుకున్నాను. వీధి మలుపులో వెనక్కి చూస్తే ఆమె ముఖం నేను నడిచే వైపే తిరుగుతూ ఉంది.

భూపాలపల్లి

అక్కడి నుంచి జీపులు మారి, కొంత దూరం లారీలో, కొంత నడిచి రెండో రోజుకు భూపాలపల్లి చేరాను. ఈ ఊరికి ఇంతకుముందు వచ్చినప్పుడు బావి సైరన్‌తో తెల్లారేది. బొగ్గు లారీల మోత రోజంతా ఉండేది. ఇప్పుడు ఏదీ లేదు. క్వార్టర్ల ముందు మనుషులు డ్యూటీ బట్టల్లోనే కూర్చున్నారు. షిఫ్టు వేళకు లేచి, నడిచి, బావి నోటి ముందు చేరి, లోపలికి దిగకుండా దాన్నే చూస్తూ కూర్చుని, షిఫ్టు అయ్యే వేళకు ఇంటికొస్తున్నారు. వాళ్లలో యాకూబ్ కూడా ఉన్నాడు.

"రోజూ ఎందుకు పోతాన్రు?" అని అడిగాను.

"అలవాటు బావా. ఇంట్ల కూసుంటె బాయి పిలుస్తాన్నట్టె ఉంటది."

అత్త మంచం మీద గోడవైపు ఒరిగి ఉంది. నన్ను చూసి ముఖంలో ఒక సగం నవ్వింది. రెండో సగం కదల్లేదు. ఊపిరి గట్టిగా, గరగరమని, లెక్కగా వస్తోంది. కరెంటు లేని ఆ గదిలో వినిపించే చప్పుడు అదొక్కటే. యాకూబ్ మంచం కింది నుంచి పెట్టె లాగాడు. తెల్లటి చిలపలు, వాటి పైన సగంలో ఆగినది ఒకటి, పక్కనే మిగిలిన ఏకులు. రాట్నం తెచ్చి నా ముందు పెట్టి, "వడుకుతుంటె కొడుకులు సూడొద్దు," అని చెప్పులేసుకుని బావి వైపు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నపు జొహర్ నమాజు చేసుకుని కూర్చున్నాను. చక్రానికీ కదురుకూ మధ్య తాడు తిన్నగా లేదు. మధ్యలో ఒకదాని మీద ఒకటి అడ్డంగా దాటి, మెలి పడి ఉంది. నర్సవ్వ రాట్నానికి తాడు తిన్నగా ఉండేది. ఎవరో తెలియక తప్పుగా వేశారనుకుని, విప్పి తిన్నగా వేశాను. అత్త ఎడమచేత్తో మంచంపట్టె మీద తట్టింది. సంతోషంతో తడుతోందనుకున్నాను.

అత్త పోగు కొసను విప్పి నా ఏకులో కలిపి, చక్రం తిప్పాను. నా పోగు సాగింది. కానీ దాని అవతల, అత్త వడికిన పోగు మెత్తబడింది. ముందు వదులైంది, తర్వాత ఉబ్బింది. పురి చాలలేదనుకుని ఇంకా వేగంగా తిప్పాను. నేను తిప్పినకొద్దీ, ఎప్పుడో గట్టిగా వడికిన ఆ నూలు నా కళ్లముందే పురి వీడి, మళ్లీ దూదైపోయి, తెగకుండానే విడిపోతూ వచ్చింది.

గదిలో ఏదో మారిందనిపించింది. ఏమిటో తెలియడానికి కొంతసేపు పట్టింది. అత్త ఊపిరి దూరం దూరంగా వస్తోంది. ఒకటి వచ్చాక రెండోదాని కోసం నేను ఎదురుచూస్తున్నాను. చక్రం ఇంకో చుట్టు తిరిగింది. ఊపిరి రాలేదు.

చెయ్యి తీసేశాను.

నూలు గట్టిగా వడికి, ఆ తర్వాత పోగులు పోగులుగా విప్పేసుకున్న స్త్రీలా కావద్దని మా గ్రంథంలో ఒక హెచ్చరిక ఉంది. మాట ఇచ్చి తప్పేవాళ్ల గురించిన వాక్యమని పిల్లలకు ఏటా చెబుతాను. ఆ గదిలో అది నా పేరు పెట్టి పిలిచినట్టు వినిపించింది.

అత్త కళ్లు తెరిచే ఉన్నాయి. ఎడమచేతి రెండు వేళ్లు పైకెత్తి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసింది. నాకు అప్పుడు అర్థమైంది. తాడు మెలి వేస్తే కదురు ఎదురుగా తిరుగుతుంది, పురి రెండో వైపు పడుతుంది. మా ఆడవాళ్లు కట్టుబట్టకు ఒక పురి, కఫన్‌కు దాని ఎదురు పురి పెడతారు. మదారమ్మ వేళ్లతో తెలుసుకున్నది అదే. ఎదురు పురి నూలుకు మామూలు పురి తగిలిస్తే ఉన్న పురి కూడా పోతుంది.

తాడు మళ్లీ మెలి వేశాను. మా విశ్వాస వాక్యమైన కలిమా చదువుతూ చక్రం తిప్పాను. విడిన దూది మెల్లగా బిగుసుకుంది. మూడో చుట్టుకో నాలుగో చుట్టుకో గరగరమని ఊపిరి వచ్చింది. నూలు వల్ల వచ్చిందని నేను అనను. అలా అనడం నాకు నిషిద్ధం. చూసింది చూసినట్టు చెబుతున్నాను, నిజం అల్లాహ్‌కు తెలుసు.

ఆ తర్వాత పని సాగింది. ఒక్కొక్క ఏకూ అయిపోతూ సాయంత్రం అస్ర్ నమాజు వేళకు ఆఖరిది మిగిలింది. సగం లాగి చెయ్యి ఆపాను. జానెడు దూది వదిలేసి లేస్తే? చిలప చుట్టేస్తే ఎవరికి తెలుస్తుంది? నలభై రోజుల లెక్క మొదలే కాదు. ఆలోచించింది నేనే. ఇన్నేళ్లు ఆ మాట తప్పని చెప్పిన నోరు ఇదే.

అత్త నన్నే చూస్తోంది. మూడు నెలలుగా ఎవరికీ సరిగా అర్థం కాని ఆమె మాట అప్పుడు స్పష్టంగా వచ్చింది.

"కానియ్ బిడ్డా. ఎంతసేపు కూసోవెడ్తవ్ నన్ను?"

కానిచ్చాను. చిలప చుట్టి ఆమె ఎడమచేతిలో పెట్టాను. బుగ్గకు ఆనించుకుని, చంటిపిల్లలా నిద్రపోయింది.

యాకూబ్ పొద్దుగూకే వేళ మగ్రిబ్ నమాజుకు ముందే వచ్చాడు. చిలప వైపు చూడలేదు.

"అయిపాయెనా?"

"అయ్యింది."

"నలభై అంటె ఏ రోజయితది బావా?"

అది అజ్ఞానమని, ఆయువు అల్లాహ్ చేతిలో ఉందని చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేను వేళ్లు మడిచి లెక్కపెట్టి, ఏ రోజో చెప్పాను.

తిరిగి జనగామ

ఇంటికొచ్చాక సమ్మె ముగిసింది. బస్సులు నడుస్తున్నాయి. అత్త బాగానే ఉందని, జావ తాగుతోందని యాకూబ్ ఫోన్ చేస్తున్నాడు. నూలు పరకాలలో నేతకు ఇచ్చాడట. ఇది రాస్తున్న ఈ రోజు ముప్పై నాలుగోది. లెక్కపెడుతున్నావా అని నా భార్య అడిగితే లేదన్నాను. అబద్ధం చెప్పాను. పోయిన శుక్రవారం ప్రసంగానికి నిలబడి, ఆయువు గురించి మాట్లాడబోయి, శుభ్రత గురించి మాట్లాడి దిగాను.

చదివినవారు ఎవరైనా సరే, దేవుణ్ని ఏ పేరుతో పిలిచేవారైనా సరే, ఒక్క క్షణం నాతో చేతులెత్తండి.

యా అల్లాహ్, మా ఖాసింబీ అత్తకు నువ్వు రాసిన రోజునే, నువ్వు రాసినంత సులువుగా తీసుకో. నలభై దాటి ఆమె బతికి ఉంటే నేను గెలిచానని నాకు అనిపించనివ్వకు. అంతకుముందే పోతే నా చేతులు చంపాయని నాకు అనిపించనివ్వకు. ఈ ఆరు రోజులూ నా నమ్మకాన్ని నువ్వే పట్టుకో. నాకు పట్టు చాలడం లేదు. ఆమీన్.